ఫెస్ట్ వారంలో రక్తదాన శిబిరం: నా అనుభవం

శివరాత్రి దగ్గరపడుతోందంటే మా మెడికల్ కాలేజీ తీరే మారిపోతుంది. హాస్టల్ మేడ మీద అర్ధరాత్రి దాకా డ్యాన్స్ రిహార్సల్స్, గ్రౌండ్‌లో బ్యాచ్‌ల మధ్య క్రికెట్, ఆడిటోరియం మెట్ల మీద రంగు కాగితాలు కత్తిరించుకుంటూ ఫస్టియర్ పిల్లలు. ఒక ఇంటర్నల్ పరీక్ష అయిపోయి ఇంకొకటి రాకముందు దొరికే రెండు మూడు వారాల్లోనే ఆటలు, కల్చరల్స్, కాలేజ్ డే అన్నీ సర్దుకోవాలి. ఆ వరసలోనే రక్తదాన శిబిరం కూడా వస్తుంది. ఆ శిబిరం పని వరసగా మూడేళ్లు చూసిన వాలంటీర్ల జట్టులో నేనూ ఉన్నాను. ఎక్కడ తప్పులు జరుగుతాయో, ఎందుకు జరుగుతాయో, వాటికి మేం ఏం చేశామో రాస్తున్నాను. వచ్చే ఏడాది ఈ పని నెత్తికెత్తుకునే వాళ్లకు అక్కరకొస్తుంది.

ముందు ఒక సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్య విశ్వవిద్యాలయం అంటే విజయవాడలో 1986లో పెట్టిన ఎన్టీఆర్ విశ్వవిద్యాలయం. తెలంగాణకు వరంగల్‌లో కాళోజీ పేరుతో ఇంకొకటి ఉంది. పరీక్షలు పెట్టేదీ పట్టాలిచ్చేదీ విశ్వవిద్యాలయం. చదువు, హాస్టలు, పండగ అన్నీ దాని కింద ఉండే కాలేజీల్లోనే. మా దగ్గర ఆసుపత్రి చుట్టూ ఎంబీబీఎస్, నర్సింగ్, ఫిజియోథెరపీ, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సుల వాళ్లు అందరం ఉంటాం కానీ ఎవరి క్యాలెండర్ వాళ్లది. నర్సింగ్ వాళ్లకు వార్డు పోస్టింగులు ఉదయం ఏడున్నరకే మొదలవుతాయి. హౌస్ సర్జన్లకు నైట్ డ్యూటీలు. అందుకే మొట్టమొదటి పని ఈ నాలుగు క్యాలెండర్లనీ ఒక చార్టు మీద పక్కపక్కనే రాసి గోడకు అంటించుకోవడం. తేదీ కుదిరితే సగం పని అయినట్టే.

ఆ తేదీ ఎంచుకోవడంలోనే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. శివరాత్రి మర్నాడు పెట్టారనుకోండి, ఉపవాసం, జాగరణ చేసినవాళ్లు ఖాళీ కడుపుతో, నిద్ర లేకుండా వస్తారు. ఈ మధ్య సంవత్సరాల్లో రంజాన్ నెల ఫిబ్రవరి, మార్చి మధ్యే పడుతోంది. రోజా ఉండే స్నేహితులు పగలు నీళ్లు కూడా ముట్టరు, వాళ్లను రక్తం ఇమ్మని అడగకూడదు. వాళ్ల కోసమే నెల మొదలవకముందు ఒక పూట ఉంచాలి, లేదా పండగ అయ్యాక పెట్టాలి. కల్చరల్ నైట్ మర్నాడు అసలే వద్దు. రాత్రి రెండింటికి పడుకుని పొద్దున తొమ్మిదికి క్యూలో నిలబడ్డ కుర్రాడు మంచం దిగేలోపే తూలిపోతాడు. క్రికెట్, వాలీబాల్ ఆడేవాళ్లు రక్తం ఇచ్చిన రోజు గ్రౌండ్‌లోకి దిగకూడదు. కాబట్టి శిబిరం ఆటల ఫైనల్స్ అయిపోయిన మర్నాడు, కల్చరల్స్‌కు కనీసం రెండు రోజుల ముందు ఉండాలి. మేం చివరికి అలాగే స్థిరపడ్డాం.

దీనికంటే పెద్ద లెక్క ఇంకొకటుంది. బ్యానర్ మీద వేసుకోవడానికి ఒకేరోజు మూడు వందల యూనిట్లు అంటే వినడానికి బాగుంటుంది. కానీ రక్తం దాచుకుంటే నిలిచే సరుకు కాదు. రక్తం గడ్డకట్టకుండా ఆపే సీపీడీఏ మందు కలిసిన బ్యాగులో మొత్తం రక్తం 35 రోజులు నిలుస్తుంది. ఎర్రకణాలు విడదీసి వాటికి పోషక ద్రావణం కలిపితే 42 రోజులు. ప్లేట్‌లెట్లు మాత్రం ఐదే రోజులు, అదీ 20 నుంచి 24 డిగ్రీల మధ్య ఊగే యంత్రం మీద ఉంచితే. ప్లాస్మా ఒక్కటే గడ్డకట్టించి ఏడాది దాచొచ్చు. అంటే మార్చి 16న తీసిన ఎర్రకణాలు ఏప్రిల్ 27తో అయిపోతాయి. మే నెల కొరతకు అందులో ఒక్క చుక్క కూడా మిగలదు. ఆ కొరతకు కారణం తెలిసిందే. కాలేజీలకు సెలవులిస్తారు, హాస్టళ్లు ఖాళీ అవుతాయి, ఎండకు శిబిరాలు తగ్గిపోతాయి. కానీ తలసీమియా పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే. కాన్పులు ఆగవు, రోడ్డు ప్రమాదాలు ఆగవు. అందుకే ఒక్క పెద్ద శిబిరం కంటే అరవై డెబ్భై యూనిట్ల చిన్న శిబిరాలు మూడు పెట్టడం మేలు: ఫిబ్రవరి మధ్యలో ఒకటి, మార్చి మధ్యలో ఒకటి, హాస్టల్ ఖాళీ కాకముందు ఏప్రిల్ ఆఖర్లో ఒకటి. సంఖ్య చిన్నదైతే పోస్టర్‌కు బాగోదని మా కమిటీలో కొందరు బాధపడ్డారు. బ్లడ్ బ్యాంకు మెడికల్ ఆఫీసర్ ఫ్రిజ్ తలుపు తీసి, గడువు దగ్గరపడ్డ బ్యాగులు పెట్టే కింది అర చూపించాక ఆ మాట మళ్లీ రాలేదు.

శిబిరాన్ని విద్యార్థులు నడపరు. ఏర్పాట్లు చేస్తారు, అంతే. రక్తం సేకరించేది లైసెన్సు ఉన్న బ్లడ్ బ్యాంకు. 2020 నిబంధనల ప్రకారం దాన్ని బ్లడ్ సెంటర్ అంటున్నారు గానీ అందరి నోట పాత పేరే. ప్రభుత్వ ఆసుపత్రి బ్లడ్ బ్యాంకునో, రెడ్‌క్రాస్‌నో నెల ముందే లెటర్ పెట్టి అడగాలి. ఐదు గంటల్లో 100 నుంచి 120 యూనిట్లు తీయాలంటే నిబంధనల్లో ఉన్న సిబ్బంది ఒక మెడికల్ ఆఫీసర్, ఆరు నుంచి ఎనిమిది మంచాలకు ఇద్దరు నర్సులు, ముగ్గురు టెక్నీషియన్లు, ఇద్దరు మెడికో సోషల్ వర్కర్లు, ఇద్దరు అటెండర్లు. మూడు గంటల్లో 50 నుంచి 70 అన్నా అంతే మంది. థర్డ్ ఇయర్ వాళ్లు సూది తామే గుచ్చుతామని ముచ్చటపడతారు. కుదరదని మొదటి మీటింగులోనే చెప్పేయాలి. రక్తం తీసే చేతికి రోజూ అదే పని అలవాటై ఉండాలి. దాత చేయి మనం నేర్చుకునే చోటు కాదు.

హాలు విషయం. మార్చిలో కోస్తా ఎండ పదకొండు గంటలకే మండిపోతుంది. ఆడిటోరియం పెద్దదే గానీ ఏసీ ఉండేది వేదిక వైపు మాత్రమే. మేం పరీక్షల హాలు తీసుకున్నాం: రెండు వైపులా కిటికీలు, నేల మీదే ఉంది, పక్కనే బాత్రూము, అంబులెన్స్ తలుపు దాకా వస్తుంది. మేడ మీద గది ఎంత బాగున్నా వద్దు. రక్తం ఇచ్చినవాళ్లు మెట్లు దిగేటప్పుడే ఎక్కువ పడిపోతారు. ఒక్కో మంచం దగ్గర ఒక్కో దాతకు పడుకోబెట్టడం, తీయడం, లేపడం అన్నీ కలిపి ఇరవై నిమిషాలు పడుతుంది. ఆరు మంచాలంటే గంటకు పద్దెనిమిది మంది. ఆ లెక్కతోనే టోకెన్లు ఇవ్వాలి. తొమ్మిదికి తొమ్మిది మంది, తొమ్మిదిన్నరకు ఇంకో తొమ్మిది మంది, అలా. అందరికీ "పొద్దున రండి" అని చెబితే పదింటికల్లా ఎనభై మంది చేరతారు. వాళ్లు గంటన్నర నిలబడి, ఆకలేసి, నీరసపడి, అప్పుడు మంచం ఎక్కుతారు.

దాతలు నడిచే దారి ఒకవైపే ఉండాలి: ఒక తలుపున లోపలికి, ఇంకో తలుపున బయటికి. నమోదు, బరువు, ఫారం, డాక్టరు, హిమోగ్లోబిన్, మంచం, విశ్రాంతి. ఎదురు చూసే కుర్చీలు మంచాల వైపు తిరిగి ఉండకూడదు. మొదటి ఏడాది అలా వేశాం. ఒక అబ్బాయికి కళ్లు తిరిగి కాళ్లు పైకెత్తి పడుకోబెట్టగానే, కుర్చీల్లో అది చూస్తున్న ఇంకో ఇద్దరు మొహం పాలిపోయి చెమటలు పట్టి జారిపోయారు. సూదే చూడనివాళ్లు. తర్వాతి ఏడాది కుర్చీలు కిటికీ వైపు తిప్పి వేశాం, మధ్యలో వార్డు స్క్రీన్లు నిలబెట్టాం. ఖర్చు లేని మార్పు.

ఇక ఫారం. నా మట్టుకు నాకు శిబిరం మొత్తంలో అసలైన చోటు ఇదే. రక్తాన్ని హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, హెపటైటిస్ సీ, సిఫిలిస్, మలేరియాలకు పరీక్షిస్తారు, నిజమే. కానీ వైరస్ ఒంట్లోకి వచ్చిన తొలి రోజుల్లో ఏ పరీక్షకూ దొరకని కాలం కొంత ఉంటుంది. ఆ కాలంలో రోగిని కాపాడేది దాత చెప్పే నిజం ఒక్కటే. మరి మనం ఆ నిజం చెప్పే వీలు ఇస్తున్నామా? ఒకే గదిలో ఉండే నలుగురు స్నేహితులు ఒకే బల్ల చుట్టూ కూర్చుని, ఒకరి ఫారం ఒకరు చూసుకుంటూ, గబగబా అన్నిటికీ "లేదు" అని టిక్కు పెట్టేస్తారు. శారీరక సంబంధాల గురించి, ఇంజెక్షన్ల గురించి అడిగే ప్రశ్నలు ఆ పేజీలోనే ఉంటాయి. అక్కడ ఎవరు నిజం రాస్తారు?

మేం చేసిన మార్పులు ఇవి. ఫారం నింపే కుర్చీలు పరీక్షల్లో వేసినట్టు దూరం దూరంగా వేశాం. డాక్టరు బల్ల చుట్టూ మూడు వైపులా స్క్రీను, లోపల ఒక్క దాతే. తోడు వచ్చినవాళ్లు, క్లాస్ రెప్రజెంటేటివ్ అయినా సరే, బయటే. వాలంటీరు ఫారం చేతికిచ్చేటప్పుడు చెప్పే మాట కూడా ముందే అనుకున్నాం: "లోపల ఏ కారణం చెప్పినా, చెప్పకపోయినా, ఇవాళ ఇవ్వనంటే చాలు. బయట ఎవరూ అడగరు." రక్తం ఇవ్వనివాళ్లకు కూడా అదే జ్యూస్, అదే అరటిపండు, అదే బయటి తలుపు. చేతికి కట్టు లేదని ఎవరైనా అడిగితే "హిమోగ్లోబిన్ తక్కువట" అంటే సరిపోతుంది. ఆ కారణం మీద ఎవరికీ అనుమానం రాదు.

హాజరు విషయం కూడా ఇక్కడే చెప్పాలి. "రక్తం ఇస్తే ఆ రోజుకు అటెండెన్స్" అనేది చాలా కాలేజీల్లో ఉన్న అలవాటు. మంచి ఉద్దేశమే, కానీ నష్టం చేస్తుంది. డబ్బు తీసుకుని రక్తం అమ్మే పద్ధతిని సుప్రీంకోర్టు తీర్పు తర్వాత 1998 జనవరి 1 నుంచి నిషేధించారు. దాని వెనక ఉన్న కారణమే దీనికీ వర్తిస్తుంది. ప్రతిఫలం ఆశ చూపిస్తే మనిషి దాచాల్సినవి దాస్తాడు. 75 శాతం హాజరు తగ్గితే పరీక్షకు కూర్చోనివ్వరన్న భయంలో ఉన్న పిల్లాడికి ఒక రోజు హాజరు చిన్న సంగతి కాదు. మేం ప్రిన్సిపల్‌ను అడిగి ఆ పూట శిబిరానికి వచ్చినవాళ్లందరికీ, ఇచ్చినా ఇవ్వకపోయినా, హాజరు వేయించాం. ఫారాలు నింపడంలో తేడా ఆ రోజే కనిపించింది. డాక్టరు స్క్రీను వెనక నుంచి "ఈసారికి వద్దులే" అనే మాట అంతకుముందు కంటే ఎక్కువసార్లు వినబడింది.

ఇవ్వడానికి ఎవరు అర్హులో పోస్టర్ మీదే పెద్ద అక్షరాలతో రాయండి. 18 ఏళ్లు నిండాలి. 45 కిలోలకు తగ్గకూడదు, అప్పుడు 350 మిల్లీలీటర్లు తీస్తారు. 55 కిలోలు దాటితేనే 450. హిమోగ్లోబిన్ 12.5 గ్రాములు. మగవాళ్లకు రెండు దానాల మధ్య 90 రోజులు, ఆడవాళ్లకు 120. నాలుగు గంటల లోపు భోజనమో టిఫినో చేసి ఉండాలి. మన హాస్టళ్లలో తరచూ ఆగిపోయేవాళ్ల జాబితా ఒకటి వేరే ఉంటుంది. వానాకాలంలో డెంగీ వచ్చినవాళ్లు తగ్గాక ఆరు నెలలు ఆగాలి. నవంబరులో వచ్చిందంటే మార్చి శిబిరానికి కుదరదు. మలేరియాకు మూడు నెలలు, టైఫాయిడ్‌కు ఏడాది. టాటూకు ఏడాది, ఫెస్ట్ కోసం కొత్తగా వేయించుకున్నవాళ్లు ఏటా ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. క్యాంపస్ కుక్క కరిచి యాంటీ రేబిస్ టీకా వేయించుకుంటే ఏడాది. ఫస్టియర్ వాళ్లకు హెపటైటిస్ బీ టీకాలు వేస్తారు కదా, డోసు పడిన తర్వాత 14 రోజులు ఆగాలి. టీకా కార్యక్రమం తేదీ చూసుకోకుండా శిబిరం పెడితే ఒక బ్యాచ్ మొత్తం పోతుంది. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడేవాళ్లు ఆపేసి నెల దాటాలి. ఆ రక్తం గర్భిణికి ఎక్కిస్తే కడుపులో బిడ్డకు ముప్పు. ఇది చాలామందికి తెలియదు, అడిగితేనే చెబుతారు. రాత్రి డ్యూటీ చేసి నిద్రపోని హౌస్ సర్జన్లు, మర్నాటి లోపు క్యాజువాలిటీ డ్యూటీ ఎక్కాల్సినవాళ్లు ఇవ్వకూడదు. ఉత్సాహంగా వచ్చేది వాళ్లే, వెనక్కి పంపాల్సిందీ వాళ్లనే.

హిమోగ్లోబిన్ బల్ల దగ్గర కాసేపు నిలబడి చూడండి. చిన్న బీకరులో నీలం రంగు కాపర్ సల్ఫేట్ ద్రావణం, సాంద్రత 1.053. ఉంగరపు వేలి చివర పక్కగా గుచ్చి, మొదటి చుక్క తుడిచేసి, రెండోది సన్న గొట్టంలోకి తీసుకుని, ద్రావణానికి సెంటీమీటరు పైనుంచి మెల్లగా వదులుతారు. చుక్క పడగానే చుట్టూ గోధుమరంగు పొర కట్టి చిన్న పూసలా అవుతుంది. 12.5 ఉంటే ఆ పూస పదిహేను సెకన్లలో నేరుగా అడుక్కు దిగిపోతుంది. తక్కువుంటే సగం దాకా వెళ్లి, అక్కడ ఆగి, ఆలోచిస్తున్నట్టు తచ్చాడి, పైకి తేలుతుంది. వేలు చాచిన అమ్మాయి కళ్లు ఆ పూస మీదే ఉంటాయి.

ఇక్కడ జరిగే తప్పులు రెండు. రక్తం రావడం లేదని వేలు పిండితే చర్మం కింది నీరు కలిసి చుక్క పలచనై తేలిపోతుంది. బాగున్న మనిషిని వెనక్కి పంపినట్టవుతుంది. వేడి నీళ్లలో చేయి కాసేపు ముంచి మళ్లీ గుచ్చాలి. రెండోది, ముప్పై మిల్లీలీటర్ల ద్రావణం పాతిక పరీక్షల దాకే సరిగ్గా చెబుతుంది, తర్వాత మార్చేయాలి. రద్దీలో ఆ లెక్క తప్పుతుంది. మా ల్యాబ్ టెక్నాలజీ విద్యార్థి ఒకమ్మాయి బల్ల మీద పాతిక శనగ గింజలు పెట్టుకుని, ఒక్కో చుక్కకు ఒకటి గిన్నెలో వేస్తూ పోయింది. గింజలు అయిపోతే బీకరు మార్చేది. ఆ తర్వాత కూడా మేం అదే పద్ధతి పాటించాం.

తేలిపోయినవాళ్లలో ఎక్కువమంది అమ్మాయిలే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. మెడిసిన్, నర్సింగ్ చదివే పిల్లలు అందుకు మినహాయింపేమీ కాదు. పొద్దున టిఫిన్ మానేసి వార్డుకు పరిగెత్తడం, భోజనం వెంటనే టీ, నెలసరి. "రిజెక్ట్ అయ్యాను" అంటూ మొహం వేలాడేసుకుని బయటికి వస్తారు. ఆ మాట వాలంటీర్ల నోట రాకూడదని ఖచ్చితంగా చెప్పుకున్నాం. దానికి బదులు అక్కడే ఒక బల్ల వేసి, కమ్యూనిటీ మెడిసిన్ విభాగం నుంచి ఒక పీజీ డాక్టరును కూర్చోబెట్టి, పూర్తి రక్త పరీక్షకు చీటీ రాసిచ్చే ఏర్పాటు చేశాం. ఐరన్ మాత్ర పాలతోనూ టీతోనూ వేసుకోవద్దని, నిమ్మరసంతో వేసుకుంటే ఒంటికి బాగా పడుతుందని, మూడు నెలలు మానకుండా వాడాలని అక్కడే చెప్పాలి. హాస్టల్ మెస్ కమిటీ ఆ తర్వాత వారానికి రెండుసార్లు తోటకూరో గోంగూరో వండటం మొదలుపెట్టింది. శిబిరం వల్ల జరిగిన మంచిలో ఇదొకటి.

మంచం దగ్గర మన పని తక్కువ, జాగ్రత్త ఎక్కువ. చేతికి బీపీ పట్టీ 40 నుంచి 60 దాకా బిగిస్తారు. 350 మిల్లీలీటర్ల బ్యాగులో 49 మిల్లీలీటర్ల మందు ముందే ఉంటుంది. రక్తం దిగుతున్నంతసేపూ బ్యాగును కదిలిస్తూ ఉండాలి, లేకపోతే అడుగున గడ్డలు కడతాయి. ఊగే యంత్రాలు చాలకపోతే టెక్నీషియన్ అర నిమిషానికోసారి చేత్తో తిప్పాలి. ఆ సమయంలో ఆయన్ను సెల్ఫీకి పిలవకండి. మామూలుగా ఐదు నుంచి ఎనిమిది నిమిషాల్లో అయిపోతుంది. మరీ ఎక్కువసేపు సాగితే ఆ బ్యాగు ప్లేట్‌లెట్ల తయారీకి పనికిరాదని పక్కన పెడతారు. సగంలో కళ్లు తిరిగి ఆపేస్తే బ్యాగులో మందు ఎక్కువ, రక్తం తక్కువ అవుతుంది. చాలావరకు అది వృథానే. అందుకే దాత సౌకర్యంగా ఉండటం మర్యాద కోసం మాత్రమే కాదు.

అన్నిటికన్నా ప్రమాదమైన పొరపాటు లేబుల్ దగ్గర జరుగుతుంది. ఫారం మీద, బ్యాగు మీద, విడదీసిన ప్లాస్మా, ప్లేట్‌లెట్లు నింపడానికి దానికి ఉండే పిల్ల బ్యాగుల మీద, పరీక్షకు తీసే గొట్టాల మీద ఒకటే నంబరు ఉండాలి. ఆ స్టిక్కర్లు మంచం పక్కన, ఆ దాత అక్కడ ఉండగానే అంటించాలి. పని తొందరగా అవుతుందని ఖాళీ గొట్టాలకు ముందే అంటించి వరసగా పెట్టుకుంటే, పక్క మంచం గొట్టం చేతికొస్తుంది. బ్యాగు మీద ఒకరి గ్రూపు, లోపల ఇంకొకరి రక్తం. ల్యాబులో మళ్లీ సరిచూస్తారు, నిజమే, కానీ వాళ్లు పట్టుకుంటారులే అని మనం వదిలేయకూడదు. ప్రతి మంచానికీ ఒక వాలంటీరును పెట్టి, దాత నోటితోనే పేరు, ఇంటిపేరు చెప్పించుకుని నంబరు పైకి చదివించాం. "నీ పేరు ఫలానా కదా" అని అడిగితే మగతలో ఎవరైనా ఊఁ అంటారు.

తీసిన బ్యాగులను ఐస్ మీద పెట్టేస్తే మంచిదనుకుంటారు కొత్తవాళ్లు. అది తప్పు. ప్లేట్‌లెట్లు విడదీయాల్సిన రక్తం చల్లబడకూడదు. 20 నుంచి 24 డిగ్రీల మధ్య ఉంచి, తీసిన ఆరు గంటల లోపు సెంట్రిఫ్యూజ్‌కు, అంటే గిరగిరా తిప్పి రక్తాన్ని విడదీసే యంత్రానికి చేరాలి. హాల్లో 34 డిగ్రీలుంటే అదీ పనికిరాదు. బ్లడ్ బ్యాంకు వాళ్లు తెచ్చే పెట్టెల్లోనే, వాళ్లు చెప్పిన ప్యాకులతోనే ఉంచి, గంటన్నరకోసారి ల్యాబుకు పంపేయాలి. సాయంత్రం దాకా పోగుచేసి ఒకేసారి పంపితే ల్యాబులో ఉన్న ఒక్క యంత్రం దగ్గర వరసకట్టి గడువు దాటిపోతుంది.

కళ్లు తిరగడం గురించి భయపడాల్సింది లేదు, సిద్ధంగా ఉండాలి. మొదటిసారి ఇచ్చేవాళ్లు, చిన్న వయసువాళ్లు, బరువు తక్కువవాళ్లు ఎక్కువగా పడతారు. కాలేజీ శిబిరంలో అందరూ అలాంటివాళ్లే. అర లీటరు నీళ్లు, మంచం ఎక్కడానికి అరగంట ముందు నుంచి తాగిస్తే చాలావరకు తగ్గుతుంది. మంచం మీద కాళ్లు ఒకదాని మీద ఒకటి వేసి తొడలు బిగిస్తూ వదులుతూ ఉండమంటే ఇంకా మంచిది. మాట ఆగిపోయి, పై పెదవి మీద చెమట పట్టి, ఆవలింత వచ్చిందంటే అదే గుర్తు. సూది తీసేసి, తల కిందికి, కాళ్లు పైకి, బెల్టు వదులు చేసి, చుట్టూ మూగినవాళ్లను పంపేయాలి. లేచి కూర్చున్నాక పదిహేను నిమిషాలు అక్కడే ఉంచండి. మోచేయి మడిచి దూది నొక్కుకోవడం మనకందరికీ అలవాటు, దానివల్లే నల్లగా కమిలేది. చేయి చాపి పైకెత్తి ఐదు నిమిషాలు నొక్కితే కమలదు. ఆ రోజు జిమ్ వద్దు, నీళ్ల బకెట్లు ఇంకో చేత్తో. బైకు తాళాలు విశ్రాంతి గదిలో ట్రేలో పెట్టించుకుని అరగంట తర్వాతే ఇచ్చేవాళ్లం. గేటు దగ్గర పడిపోవడం ఆ పద్ధతి పెట్టాక ఆగింది.

తినడానికి వంద మంది దాతలకు మేం వేసుకున్న లెక్క: 200 మిల్లీలీటర్ల జ్యూస్ ప్యాకెట్లు 150, అరటిపళ్లు పన్నెండు డజన్లు, ఉప్పు బిస్కెట్ ప్యాకెట్లు 150, ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు ఆరు, మజ్జిగ ముప్పై లీటర్లు. ఉప్పు వేసిన మజ్జిగకే గిరాకీ ఎక్కువ. వెనక్కి వెళ్లేవాళ్లకు, వాలంటీర్లకు కలిపే ఈ లెక్క. చెత్త నర్సింగ్ విద్యార్థుల చేతిలో పెడితే దిగులుండదు: రక్తం అంటిన దూది పసుపు సంచిలో, ప్లాస్టిక్ గొట్టాలు ఎర్ర సంచిలో, సూదులు, వేలు గుచ్చే లాన్సెట్లు గుచ్చుకోని తెల్ల డబ్బాలో. అరటి తొక్కలు ఆ సంచుల్లో పడకుండా వేరే డబ్బా దూరంగా పెట్టండి.

నెగెటివ్ గ్రూపుల వాళ్లు నూటికి ఐదుగురుంటారు. వాళ్లందరి చేతా ఒకేరోజు ఇప్పించేయకండి. సగం మందిని ఆపి, వాళ్లు ఒప్పుకుంటేనే ఫోన్ నంబర్లు బ్లడ్ బ్యాంకు పుస్తకంలో రాయించండి. అర్ధరాత్రి ఓ నెగెటివ్ కాన్పు కేసు వస్తే హాస్టల్ పక్కనే ఉంటుంది కదా.

శిబిరం ముగిశాక మూడు రోజుల్లో వాలంటీర్లందరూ ఒకసారి కూర్చోవాలి. పరీక్షలో ఏదైనా తేడా వస్తే బ్లడ్ బ్యాంకే ఆ దాతను విడిగా పిలిచి కౌన్సెలర్ దగ్గరకు పంపుతుంది. ఆ జాబితా విద్యార్థి కమిటీ అడగకూడదు, ఇచ్చినా తీసుకోకూడదు. మన పుస్తకంలో ఉండాల్సింది పేరు, గ్రూపు, ఇచ్చిన తేదీ, మళ్లీ ఇవ్వగల తేదీ, అంతే. ఆ చివరి గడి నింపేటప్పుడే క్యాలెండర్ మళ్లీ ముందుకొస్తుంది. జూన్ 14 ప్రపంచ రక్తదాతల దినం. ఎండాకాలపు కొరత ఇంకా తీరని రోజులు. ఆ రోజుకు మగపిల్లలు అర్హులు కావాలంటే మార్చి 16 లోపు ఇచ్చి ఉండాలి. ఆడపిల్లలైతే ఫిబ్రవరి 14 లోపు. అందుకే మా మొదటి శిబిరం అమ్మాయిల హాస్టల్ వైపు ఫిబ్రవరి రెండో వారంలో, రెండోది మార్చి 16 దాటకుండా. ఏప్రిల్ ఆఖరి శిబిరానికి పిలవాల్సింది ఈ రెండింటిలో ఇవ్వనివాళ్లను: డెంగీ గడువు తీరినవాళ్లు, టీకా డోసు అయిపోయినవాళ్లు, నైట్ డ్యూటీ నుంచి బయటపడ్డ హౌస్ సర్జన్లు, ఐరన్ మాత్రలు వాడి హిమోగ్లోబిన్ పెరిగిన అమ్మాయిలు. వాళ్ల పేర్లు ఎర్ర సిరాతో వేరే పేజీలో రాసుకున్నాం. ఏప్రిల్ శిబిరంలో ఆ పేజీ నుంచి వచ్చిన ఒకమ్మాయి చుక్క ఈసారి ఆగకుండా అడుక్కు దిగింది. బల్ల దగ్గరున్న ల్యాబ్ టెక్నాలజీ అమ్మాయి ఇంకో శనగ గింజ గిన్నెలో వేసి, మంచం నంబరు నాలుగు అని చెప్పింది.